గుప్పెడు కుక్క

తుమ్మలకోన అనే అడవిలో ఒక ఏరు, ఆ ఏటి పక్కన ఒక ఎర్రమట్టి దిబ్బ ఉండేవి. దిబ్బ మీద కుందేళ్ళు, దిబ్బ కింద రాళ్ళ సందుల్లో ముళ్ళపందులు, చెట్ల మీద ఉడుతలు, పొదల్లో కౌజుపిట్టలు కాపురం ఉండేవి. అడవికి అవతల ఒక ఊరు ఉంది కానీ, ఆ ఊరి సంగతులు వీళ్ళకి తెలియవు. తెలిసినవాడు ఒక్కడే. వాడి పేరు సింగప్ప. వాడు గుంటనక్క. నక్కకి ఆ పేరు ఎవరు పెట్టారని అడక్కండి, తనే పెట్టుకున్నాడు.

పిల్లలూ, ఈ కథ సరదాగా మొదలవుతుంది. చివరిదాకా అలా ఉండదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

దిబ్బ మీది కుందేళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. ఏ ఇంటి గుమ్మమైనా ఒక కుందేలు చెవులు వెనక్కి వాల్చుకుని, ఒళ్ళు ముడుచుకుని దూరేటంతే ఉండాలి. అంతకంటే వెడల్పు చేయకూడదు. దిబ్బలో ఇంటికీ ఇంటికీ మధ్య పలచటి మట్టిగోడే అడ్డం. ఒక ఇంటి గుమ్మం పెద్దదైతే చాలు, ఆ దారిన అడవిపిల్లి దూరి, గోడలు కూల్చుకుంటూ దిబ్బంతా తిరిగి వస్తుంది. అందుకని ఎవరైనా కొత్త కాపురం పెడితే పెద్దలు వచ్చి ఆ గుమ్మంలో దూరి చూసేవారు. రెండు భుజాలకీ మట్టి అంటితేనే సరే అనేవారు.

ఆ గుమ్మం అడవిపిల్లిని ఆపేది, నక్కని ఆపేది. పాముని మాత్రం ఆపలేకపోయేది.

దిబ్బ మీద చామంతి అనే కుందేలు ఉండేది. భర్తని డేగ ఎత్తుకుపోయింది. కిందటి వానాకాలంలో చామంతి మేతకి వెళ్ళి వచ్చేసరికి ఇంట్లోంచి నాగుపాము నెమ్మదిగా బయటికి వస్తోంది. దాని పొట్ట ఉబ్బి ఉంది. లోపల పిల్లల్లో ఒక్కతే మిగిలింది. మూలకి నక్కి, ఊపిరి బిగబట్టి బతికిన ఆ పిల్ల పేరు దూది.

ఆ రోజు నుంచి చామంతికి కంటి మీద కునుకు లేదు. దూదిని ఒంటరిగా వదలలేదు, వదలకుండా మేతకి వెళ్ళలేదు. ఇంట్లో కాపలా ఉండేవాళ్ళు ఒకరు కావాలి. పాముని చూసి అరిచేంత ధైర్యం ఉండాలి, ఆ గుమ్మంలో పట్టేంత చిన్నగా ఉండాలి. అలాంటి ప్రాణి అడవిలో లేదు.

లేనిదాన్ని అమ్మడానికే సింగప్ప పుట్టాడు.

చలికాలం వచ్చింది. రేగుపొదలు విరగకాశాయి. నక్కలకి రేగుపళ్ళంటే ఎంత ఇష్టమో మీకు తెలుసుగా. ముళ్ళకి భయపడి నక్క పొదలోకి దూరలేదు. కుందేళ్ళు దూరి, ఏరి, ఎండబెట్టి, గుట్టలుగా దాచుకునేవి. ఆ గుట్టల మీద సింగప్పకి ఎప్పటి నుంచో కన్ను.

ఒక పొద్దున వాడు ఒక గంపతో దిబ్బ దగ్గరికి వచ్చాడు. గంప మీద ఆకులు కప్పి ఉన్నాయి. అందరూ చుట్టూ మూగేదాకా ఆగి, ఆకులు తీశాడు. లోపల కుక్కపిల్లలు. బొద్దుగా, మెత్తగా, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి.

"వీటిని మామూలు కుక్కలు అనుకోకండి. ఇది గుప్పెడు జాతి. దూరదేశంలో రాణులు ఒళ్ళో పెట్టుకుని పెంచుకుంటారు. ఇవాళ ఎంత ఉన్నాయో ముసలివయ్యాక కూడా అంతే ఉంటాయి," అన్నాడు సింగప్ప.

నిజం మీకు ఇప్పుడే చెబుతాను. ఆ పిల్లల్ని వాడు ఏ దూరదేశం నుంచీ తేలేదు. ఊరి చివర పాడుబడ్డ ఇటుకబట్టీలో ఒక వీధికుక్క ఈనింది. అది తిండి వెతుక్కోవడానికి వెళ్ళినప్పుడల్లా వాడు వెళ్ళి ఒక్కో పిల్లనీ నోట కరుచుకుని వచ్చాడు. అవి ఇంకా పాలు మరవలేదు. ఆ తల్లి ఊళ్ళో కుక్కలన్నిటికన్నా పెద్దది.

అడవి జంతువులు మరీ అమాయకులేమీ కాదు. పెరగని కుక్క ఎక్కడైనా ఉంటుందా అని ఒక ఉడుత అడిగింది. సింగప్ప ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు గంప అడుగు నుంచి ఇంకో పిల్లని తీశాడు. దాని మూతికి, కనుబొమలకి బూడిద రాసి ఉంది. ఇది ఈ పిల్లలకి ముత్తవ్వ అని చెప్పాడు. ఇంత వయసొచ్చినా ఇంతే ఉంది, మీ కళ్ళతో మీరే చూసుకోండి అన్నాడు. నెరిసిన మూతి చూసి అందరూ ఆశ్చర్యపోయారు. కొందరు దానికి దండం కూడా పెట్టారు.

ఆ ముత్తవ్వ అప్పుడే ఆవులించింది. గుంపులో ముందు నిలబడ్డ సూరవ్వ దాని నోట్లోకి తొంగి చూసింది. సూరవ్వ ముసలి ముళ్ళపంది. నోరు కొంచెం గట్టిది. ఆ నోటికి, ఒంటి మీది ముళ్ళకి భయపడి ఎవరూ ఆమె పక్కన కూర్చునేవారు కాదు.

"పాలపళ్ళున్న ముత్తవ్వని ఇవాళే చూస్తున్నాను. దీని సంగతి అలా ఉంచు. వీటిని కన్న తల్లి ఏది?" అంది సూరవ్వ.

"రాణిగారి దగ్గర ఉందవ్వా. అంత గొప్పింటిది ఈ రాళ్ళలోకి, ముళ్ళలోకి వస్తుందా?" అన్నాడు సింగప్ప.

ముళ్ళలోకి అన్నప్పుడు వాడు సూరవ్వ వైపే చూశాడు. అందరూ నవ్వారు. చామంతి అందరికన్నా గట్టిగా నవ్వింది. తల్లిని చూడని పిల్లని నేను గడప ఎక్కించను అని చెప్పి సూరవ్వ తన రాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. ముసలావిడకి అన్నిటికీ అనుమానమే అనుకున్నారు మిగతావాళ్ళు.

సింగప్ప ఆఖరుగా ఇంకో మాట చెప్పాడు. ఈ జాతికి రోజుకి గుప్పెడు తిండి చాలు, అంతకు మించి పెట్టకూడదన్నాడు. మించితే జాతిగుణం పోతుంది, అప్పుడు పెరిగితే నన్ననకండి అన్నాడు. చూశారా, ఎంత నిజాయితీగా ముందే చెబుతున్నాడో అని కుందేళ్ళు తలలూపాయి.

చామంతి అప్పటిదాకా ఏరి దాచుకున్న రేగుపళ్ళ గుట్ట మొత్తం ఇచ్చేసి ఒక పిల్లని తెచ్చుకుంది. దానికి గుప్పెడు అనే పేరు పెట్టింది. దిబ్బ మీద ఇంకొన్ని ఇళ్ళవాళ్ళు కూడా తలా ఒకదాన్ని తీసుకున్నారు. బూడిద పూసిన ముత్తవ్వని మాత్రం సింగప్ప ఎవరికీ ఇవ్వలేదు. దానితో పక్క అడవిలో పని ఉంది.

గుప్పెడు చామంతి ఇంట్లో దర్జాగా దూరింది. గుమ్మంలో దాని భుజాలకి మట్టి కూడా అంటలేదు. మొదట్లో ఏడ్చేది. పాల కోసం గోడలన్నీ నాకేది. దూది దాన్ని పొట్ట దగ్గరికి లాక్కుని పడుకుంటే ఊరుకునేది. కొన్నాళ్ళకి ఆ రెండూ ఒకదాన్ని విడిచి ఒకటి ఉండలేకపోయేవి. దూది చెవి నోట్లో పెట్టుకుంటే గానీ గుప్పెడుకి నిద్రపట్టేది కాదు.

ఒక మధ్యాహ్నం చామంతి మేతకి వెళ్ళినప్పుడు నాగుపాము గుమ్మంలోకి తల పెట్టింది. గుప్పెడు దాని మొహం మీదే అరిచింది. గొంతు చిన్నదే కానీ ఆ ఇరుకులో అది దిబ్బంతా మోగింది. పాము తల వెనక్కి తీసుకుని వెళ్ళిపోయింది. ఇంటికి వచ్చి ఆ మాట విన్న చామంతి, గుప్పెడుని ఒళ్ళోకి తీసుకుని చాలాసేపు ఏడ్చింది. ఆ రోజు చాలాకాలం తర్వాత ఆమె కంటినిండా నిద్రపోయింది.

ఇక చూడండి, చామంతి గొప్పలు. పొద్దున లేస్తే గుప్పెడు కబుర్లే. మా గుప్పెడు రాణుల ఒళ్ళో పెరిగే జాతి, మా గుప్పెడు నీళ్ళు కూడా చప్పుడు కాకుండా తాగుతుంది. పక్క ఇంట్లో కొత్తగా కాపురానికొచ్చిన మంకెన అనే కుందేలు నోరు తెరుచుకుని వినేది. తనకి రేగుపళ్ళ గుట్ట లేనందుకు బాధపడేది.

మంకెన బాధపడుతున్న ఆ రోజుల్లోనే, చలికాలం వెళ్ళకముందే, గుప్పెడు పెరగడం మొదలుపెట్టింది.

ముందు పాదాలు పెరిగాయి. చామంతి చూసి, చూడనట్టు ఊరుకుంది. తర్వాత కాళ్ళు సాగాయి. గుమ్మంలో దూరేటప్పుడు ఒక భుజానికి మట్టి అంటింది. చామంతి ఆ మట్టిని తన నాలుకతో నాకి తుడిచేసింది. ఎవరైనా చూస్తారని భయం.

ఆమె సింగప్పని వెతుక్కుంటూ వెళ్ళింది. వాడు తీరిగ్గా రేగుపళ్ళు తింటూ విన్నాడు. విని, జాలిగా తల ఊపాడు.

"ఎక్కువ పెట్టి ఉంటావమ్మా. నేను ముందే చెప్పాను కదా. ప్రేమ కొద్దీ పెట్టావు, నేనేం అనను. ఇప్పుడైనా తగ్గించు," అన్నాడు.

చామంతి సిగ్గుతో తల దించుకుని ఇంటికి వచ్చింది. నిజానికి ఆమె గుప్పెడు కన్నా ఎక్కువ ఎప్పుడూ పెట్టలేదు. ఏటి ఒడ్డు నుంచి తెచ్చిన నత్తలు, చిన్న పీతలు గుప్పెటతో కొలిచే పెట్టేది. అయినా వాడి మాట విన్నాక తన గుప్పెటే పెద్దదేమో అనిపించింది. ఆ రోజు నుంచి గుప్పెటలో సగమే నింపింది.

ఇక్కడే నాకు కోపం వస్తుంది. కుక్కపిల్లలు తెచ్చుకున్న ఇళ్ళన్నిట్లో ఇదే జరుగుతోంది. అన్ని పిల్లలూ పెరుగుతున్నాయి. అందరూ సింగప్ప దగ్గరికి చాటుగా వెళ్ళి అదే మాట విని వచ్చారు. అందరూ అదే సిగ్గుతో ఇళ్ళలో దూరి కూర్చున్నారు. దారిలో ఎదురుపడితే మాత్రం మీది ఎలా ఉందంటే మీది ఎలా ఉందని అడిగేవారు. మాది తెచ్చిన రోజు ఎంత ఉందో అంతే ఉందని ఒకరు, మాదైతే ఇంకా చిన్నదైందని ఇంకొకరు చెప్పేవారు. ఒక్కరంటే ఒక్కరు నోరు తెరిచి, మాది పెరుగుతోంది అని ఉంటే ఈ కథ ఇంతటితో అయిపోయేది. ఎవరూ అనలేదు. చామంతి కూడా అనలేదు.

సూరవ్వకి మాత్రం తెలిసిపోయింది. గుమ్మం ముందు మట్టిలో పడిన పాదాల గుర్తులు చూసి ఆమె చామంతిని ఆపింది.

"ఏమే చామంతీ, అది పెద్ద కుక్క పిల్ల. పాదం చూస్తే తెలియడం లేదూ? కడుపునిండా పెట్టు. ఇంట్లో పట్టకపోతే నా రాళ్ళ కింద చోటుంది, అక్కడ పడుకుంటుంది."

చామంతికి ఒళ్ళు మండింది. తన ఇంటికి గొప్ప జాతి వచ్చిందని ఈ ముసలిదానికి కడుపుమంట అని దిబ్బంతా తిరిగి చెప్పింది. నిజం తెలిసినవాళ్ళ మీద వచ్చే కోపం అలాగే ఉంటుంది.

అప్పటికి గుప్పెడు అరవడం మానేసింది. ఎక్కువగా పడుకునే ఉండేది. దూది తన గడ్డిపరకలు తెచ్చి దాని మూతి ముందు పెట్టేది. గుప్పెడు వాటిని కూడా నమిలేది. కుక్క కడుపుకి గడ్డి ఏమవుతుంది? కక్కేసేది. కక్కింది అమ్మ చూడకుండా దూది మట్టితో కప్పేసేది.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం తల్లికుక్క వచ్చింది.

చలికాలమంతా అది ఊరూ పొలాలూ వెతికింది. ఆఖరికి ఏటి ఒడ్డున వాసన దొరికింది. బక్కచిక్కి, నోరు తెరిచి రొప్పుతూ దిబ్బ ఎక్కింది. దాన్ని చూడగానే కుందేళ్ళన్నీ ఇళ్ళలో దూరాయి. అది ఎవరినీ తరమలేదు. ఒక్కో గుమ్మం దగ్గర ముక్కు పెట్టి వాసన చూసుకుంటూ వచ్చి, చామంతి గుమ్మం ముందు ఆగిపోయింది.

"అమ్మా, నా పిల్ల లోపలుంది. నాకు వాసన తెలుస్తోంది. నిన్నేమీ చేయను. దాన్ని ఒక్కసారి బయటికి పంపు," అంది.

లోపల గుప్పెడు తల ఎత్తింది. చెవులు నిక్కబొడుచుకున్నాయి. గొంతులోంచి సన్నగా ఒక మూలుగు వచ్చింది. చామంతి గబుక్కున దాని మూతి మీద రెండు చేతులూ అదిమి పెట్టింది.

ఆ క్షణంలో ఆమెకి అంతా తెలుసు పిల్లలూ. గుమ్మంలోంచి కనిపిస్తున్న ఆ కుక్క పాదాలు చూసింది. తన చేతుల కింద ఉన్న పాదాలూ చూసింది. రెండూ ఒకటే. ఇప్పుడు పంపితే గుప్పెడు కష్టంగానైనా ఆ గుమ్మంలో పడుతుంది. పంపేస్తే చాలు. కానీ పంపితే దిబ్బంతా చూస్తుంది. రాణుల ఒళ్ళో జాతి అన్నది వీధికుక్క పిల్లని తేలిపోతుంది. సూరవ్వ చెప్పిందే నిజమవుతుంది. వానాకాలం దగ్గర పడుతోంది, దూదికి కాపలా పోతుంది. అన్నిటికీ మించి, గుప్పెడు పోతుంది.

"నీలాంటి దాని పిల్ల మా ఇంట్లో ఎందుకుంటుంది? మాది వేరే జాతి. వెళ్ళిపో," అంది చామంతి.

తల్లికుక్క చాలాసేపు నిలబడింది. గుమ్మం తవ్వుతుందేమోనని కుందేళ్ళు వణికిపోయాయి. తవ్వలేదు. పిల్ల గొంతు ఇంకోసారి వినిపిస్తే తవ్వేదేమో. వినిపించలేదు. వాసన తప్పిందేమో అనుకుని తల దించుకుని దిబ్బ దిగింది.

కింద రాళ్ళ దగ్గర సూరవ్వ దారికి అడ్డంగా కూర్చుని ఉంది. నా దగ్గర ఉండు అంది. నీ ఒళ్ళు ఎంతుందో నా కళ్ళకి కనిపిస్తోంది, ఈ చోటు నీకు సరిపోతుంది, ఇక ఎవరూ ఎవరినీ మోసం చేయాల్సిన పని లేదంది. గుమ్మం తవ్వితే దిబ్బ కూలి పిల్ల మీదే పడుతుంది, చామంతి మనసు మారి తనే పిలిచేదాకా ఆగమంది. తల్లికుక్క ఆ రాళ్ళ ముందే పడుకుంది. ఆ రోజు నుంచి సూరవ్వ రాళ్ళ దగ్గరికి అడవిపిల్లి రాలేదు, పాము రాలేదు. అక్కడి ముళ్ళపందుల పిల్లలు ఆరుబయట నిద్రపోయారు.

దిబ్బ మీద మాత్రం చామంతి గుప్పెటలో మూడోవంతే నింపుతోంది.

తిండి తగ్గిస్తే ఎముకలు ఆగుతాయా? ఆగలేదు. కాళ్ళు పొడుగయ్యాయి, పొట్ట లోపలికి పోయింది, పక్కటెముకలు బయటికి వచ్చాయి. ఒకరోజు గుప్పెడు బయటికి వెళ్ళబోయి గుమ్మంలో ఇరుక్కుంది. చామంతి వెనక కాళ్ళు పట్టి లోపలికి లాగింది. ఆ తర్వాత అది ఇంకెప్పుడూ బయటికి వెళ్ళలేదు. వెళ్ళలేకపోయింది.

చామంతి ప్రేమ తగ్గిందని అనుకోకండి. ఆమె దాని తల నిమిరేది. దాని చెవులు నాకేది. ఇంకొంచెం చిక్కితే పట్టేస్తావమ్మా, ఇంకొన్నాళ్ళు ఓర్చుకో అనేది. గుప్పెడు ఆమె మాటకి తోక ఊపేది. ఆ తోక ఊపడం తలుచుకుంటే నాకు ఈ కథ ఇక్కడే ఆపేయాలనిపిస్తుంది.

వానలు మొదలయ్యాయి. పుట్టల్లో నీళ్ళు నిండి పాములు బయటపడ్డాయి. చామంతి ఏటి ఒడ్డున ఉండగా దిబ్బ వైపు నుంచి కేక వినిపించింది. అది దూది గొంతు. ఆమె నేల మీద కాలు ఆనకుండా పరిగెత్తింది.

అప్పటికే నాగుపాము లోపలికి వెళ్ళింది. ఈసారి గుప్పెడు అరవలేదు, దానికి అరిచే ఓపిక లేదు. దూది మూలకి నక్కింది. పాము ఆ మూలకే పాకింది. అప్పుడు గుప్పెడు లేచి నిలబడింది. ఎలా లేచిందో దానికే తెలియాలి. అది దూదికి, పాముకి మధ్య పడి, పాము మెడ పట్టుకుంది. ఆ ఇరుకు దారిలో కాళ్ళు మడుచుకుపోయి అది కదలడానికి లేదు, వదలడానికి లేదు. పాము దాన్ని కాటు వేసింది. మళ్ళీ వేసింది. గుప్పెడు వదల్లేదు. పాము కదలిక ఆగిపోయాక కూడా నోరు తెరవలేదు.

చామంతి గుమ్మంలో దూరబోయింది. దారి నిండా గుప్పెడు ఒళ్ళే ఉంది. అవతల దూది ఏడుస్తోంది. చామంతి గుప్పెడు కాళ్ళు పట్టి లాగింది, తోసింది. ఏమీ చేయలేక బయటికి వచ్చి, జీవితంలో మొదటిసారి దిబ్బంతా వినేలా అరిచింది.

"తల్లీ, నీ పిల్ల నా ఇంట్లోనే ఉంది. వచ్చి తీసుకో."

తల్లికుక్క ఆ మాట పూర్తయ్యేలోపే దిబ్బ మీదికి వచ్చింది. ముందుకాళ్ళతో గుమ్మాన్ని తవ్వింది. ఎర్రమట్టి వెనక్కి ఎగిరి పడింది. కుందేళ్ళు తరతరాలుగా వెడల్పు చేయకుండా కాపాడుకున్న గుమ్మం, పెద్దలు భుజాలతో కొలిచి చూసిన గుమ్మం, కాసేపట్లో కుక్క పట్టేంత అయ్యింది. దానికి పట్టిన శ్రమ అంతే. ఎవరూ అడ్డు చెప్పలేదు. దిబ్బ కూలిపోలేదు.

గుప్పెడుని బయటికి లాగి వెలుతురులో పడుకోబెట్టారు. అందరూ చూశారు. కాళ్ళు పెద్ద కుక్క కాళ్ళు. పొట్ట నెలల పిల్ల పొట్ట కన్నా చిన్నది. దానికి ఏ జాతీ లేదు. ఆకలి ఉందంతే.

తల్లి దాని మొహం నాకింది. గుప్పెడు కళ్ళు తెరిచింది. ముక్కుతో తల్లి పొట్ట దగ్గర పాల కోసం వెతికింది. ఆ పాలు ఎప్పుడో ఎండిపోయాయి. వెతుకుతూ వెతుకుతూనే ఊపిరి ఆగిపోయింది.

తల్లికుక్క దాన్ని మెడ దగ్గర నోట కరుచుకుని ఎత్తబోయింది. చిన్నపిల్లల్ని అలాగే కదా ఎత్తుకుంటారు. గుప్పెడు కాళ్ళు నేలకి తగిలాయి. అది పిల్లని ఈడ్చుకుంటూ దిబ్బ దిగి వెళ్ళింది. చామంతిని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని చామంతి తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఆ సాయంత్రం దిబ్బ మీద ఇంకొన్ని ఇళ్ళ నుంచి కుక్కపిల్లలు బయటికి వచ్చాయి. కొన్ని నడవగలిగాయి. కొన్ని ముందే ఇళ్ళలో చనిపోయాయని, ఆ ఇళ్ళవాళ్ళు చాటుగా పూడ్చేశారని అప్పుడు తెలిసింది. నడవగలిగిన వాటికి సూరవ్వ కడుపునిండా పెట్టింది. అవి బతికాయి కానీ కాళ్ళు వంకరపోయాయి. తల్లికుక్క వాటిని పక్కలో వేసుకుని ఆ రాళ్ళ దగ్గరే ఉండిపోయింది. గుప్పెడుని పూడ్చిన చోట రోజూ కాసేపు కూర్చునేది.

సింగప్పని ఏం చేశారని అడుగుతారు. ఏమీ చేయలేదు. వాడప్పుడు పక్క అడవిలో ఉన్నాడు.

మళ్ళీ చలికాలం వచ్చింది. మళ్ళీ రేగుపొదలు విరగకాశాయి. సింగప్ప గంపతో, సూరవ్వ రాళ్ళ వైపు రాకుండా దిబ్బ వెనక నుంచి వచ్చాడు. కిందటిసారి జరిగింది విని తనకి అన్నం సయించలేదన్నాడు. అవి కొంచెం కలిసిన జాతి, తనని కూడా ఎవరో మోసం చేశారన్నాడు. ఇవి మాత్రం అసలు సిసలు గుప్పెడు జాతి అన్నాడు. గంప అడుగు నుంచి మూతి నెరిసిన ముత్తవ్వని తీశాడు. అది కిందటేటి ముత్తవ్వ కాదు. కిందటేటిది ఈపాటికే పెద్దదై ఎక్కడో పడి ఉంటుంది.

కుందేళ్ళు మూగాయి. అవును పిల్లలూ, మళ్ళీ మూగాయి. వానల్లో పాములు పిల్లల్ని తిన్న ఇళ్ళు ఆ ఏడు కూడా ఉన్నాయి. భయం ఉన్నచోట గంప దిగుతుంది.

చామంతి గుంపుని తోసుకుని ముందుకు వచ్చింది. అప్పటికి ఆమె బాగా చిక్కిపోయింది. గుప్పెడు పోయినప్పటి నుంచి ఆమె కూడా సగమే తింటోంది. ఎందుకని దూది అడిగితే చెప్పేది కాదు.

"వీటిని కన్న తల్లిని చూపించమనండి. అది కనిపించేదాకా ఎవరూ తీసుకోకండి. నేను తీసుకుని చంపుకున్నాను," అంది అందరితో.

సింగప్ప జాలిగా తల ఊపాడు. పాపం, బెంగతో అలా మాట్లాడుతోందన్నాడు. చెప్పినట్టు పెట్టి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదని నెమ్మదిగా పక్కవాళ్ళతో అన్నాడు. పక్కవాళ్ళు తలలూపారు. పెద్దలు చామంతిని చెయ్యి పట్టి పక్కకి తీసుకెళ్ళారు.

గుంపు చెదిరాక మంకెన చామంతి దగ్గరికి వచ్చింది. ఆమె ఒళ్ళో ఒక కుక్కపిల్ల ఉంది. బొద్దుగా, మెత్తగా, కళ్ళు మూసుకుని ఆమె వేలు చీకుతోంది. మంకెనకి ఆ వానాకాలం తర్వాత ఒక్క పిల్లే మిగిలింది. ఆ ఏడు ఏరి దాచుకున్న రేగుపళ్ళన్నీ అప్పుడే ఇచ్చేసి వచ్చింది.

చామంతి ఆ పిల్ల పాదాలు చూసింది. 

"అక్కా, నీకు అనుభవం ఉంది కాబట్టి అడుగుతున్నాను. నువ్వు గుప్పెడుకి రోజుకి ఎంత పెట్టేదానివి? చెప్పు, నేను అంతకన్నా తక్కువ పెడతాను," అంది మంకెన.

నీతి: పెరగదని చెప్పి అమ్మే పిల్లని చూసి మురిసిపోకు, ముందు దాని తల్లిని చూపించమను, తెచ్చుకున్నాక అది ఎంత పెరిగితే అంత గుమ్మం పెంచు, దాని కడుపు మాత్రం తగ్గించకు.